యుద్ధకాలపు జలాంతర్గామి – దాని వన్నె

తెలుగు పండితుడు ఓడల రంగులను గూర్చి ప్రసంగించుటేమని మీలో కొందఱు నవ్వుకొనవచ్చును. నవ్వుడు, నాకభ్యంతరము లేదు. బాల్యమున వ్యాకరణమును, కొంత తర్కమును గురుముఖమున చదివి, ముప్పది యేండ్లకు పైగా పిల్లలకు పాఠములు చెప్పి, ఇప్పుడు విశ్రాంతి తీసికొనుచున్న నాకు ఈ ప్రశ్న దానంతటదియే వచ్చి తగిలినది.

మా యూరి పాఠశాలలో ఏటేట జనవరి 23వ తేదీన నేతాజీ జయంతి జరుపుదురు. ఈ పర్యాయము తొమ్మిదవ తరగతి బాలబాలికలు, 1943లో సుభాష్ చంద్ర బోసుగారు జర్మనీనుండి తూర్పునకు పయనించిన జలాంతర్గామి నమూనా నొకదానిని చేయబూనిరి. యు-180 అనునది దాని పేరు. అసలు నౌక పొడవు 87.6 మీటర్లు. కొండపల్లి బొమ్మలకు వాడు పొణికి కఱ్ఱనే తెప్పించి, అసలుదానిలో 144వ వంతుగా, రెండడుగుల నిడివితో ఒక వడ్రంగి దానిని చక్కగా చెక్కి యిచ్చెను. అంతవఱకు అందఱును సంతోషముగనే యుండిరి. రంగు వేయు సమయమున తగవు పుట్టినది.

జలాంతర్గామి యన్నచో నల్లనిదే యని ఒక ఉపాధ్యాయుని వాదము. విశాఖపట్టణపు సముద్రతీరమున కుర్సురాను చూడలేదా యని ఆయన ప్రశ్న. అడుగుభాగము ఎఱ్ఱగా నుండవలెనని పిల్లల వాదము. అంగడిలో దొరకు బొమ్మల పెట్టెమీది పటము వారికి ఆధారము. ఖర్చు పెట్టుకొన్న దాతగారు నీలిరంగు వేసి బంగారు గీతలు దిద్దించవలెననిరి. మహాపురుషుడు ఎక్కిన వాహనమునకు ఆ మాత్రము శోభ వలదా యని ఆయన భావము. కడకు అందఱును నాయొద్దకు వచ్చి, "మాస్టారూ, మీరు తర్కము చదివినవారు, మీరే తేల్చుడు" అని కూర్చుండిరి.

తేల్చుటకు ముందు ఆ నౌక కథను కొంత చెప్పవలెను. 1941 ఏప్రిలులో బోసుగారు బెర్లిను చేరిరి. రెండేండ్లు గడచినను అచ్చటినుండి తాము తలపెట్టిన కార్యము సాగదని గ్రహించి, తూర్పున జపానువారి చేతిలోనున్న ప్రాంతములకు పోవ నిశ్చయించిరి. భూమార్గము లేదు, ఆకాశమార్గము ప్రమాదకరము. కాబట్టి 1943 ఫిబ్రవరి 9న కీల్ రేవునుండి యు-180లో బయలుదేరిరి. నౌకాధిపతి వెర్నర్ మూజెన్‌బెర్గు. బోసుగారి వెంట నున్న భారతీయుడొక్కడే. ఆయన మన హైదరాబాదువాడు, ఆబిద్ హసన్. ఇంజనీరింగు చదువుటకు జర్మనీకి పోయి, చదువు విడిచి బోసుగారి కార్యదర్శి యైన యువకుడు. నౌకలోపల ఎచ్చట చూచినను డీజిలు కంపు; కప్పుకొను కంబళ్లకు అదే, తిను రొట్టెకు నదే. ఎచ్చటనో బియ్యమును పప్పును సంపాదించి హసన్ కిచిడీ వండి పెట్టెడివాడట. బోసుగారు జర్మను అధికారులను గూడ ఆ భోజనమునకు పిలుచుచుండగా, ఉన్న గింజలు ఎన్నాళ్లు వచ్చునా యని ఆయనకు లోలోపల దిగులు.

ఇది విహారయాత్ర కాదు. ఏప్రిలు 18న, దక్షిణాఫ్రికా తీరమునకు దూరముగా, ఈ నౌకయే కోర్బిస్ అను బ్రిటిషు చమురునౌకను ముంచెను. అందలి నావికులనేకులు మరణించిరి. ఏప్రిలు 28న మడగాస్కరు ద్వీప ప్రాంతపు సముద్రమున, ఐ-29 అను జపాను జలాంతర్గామిని కలిసికొని, ఎగసిపడు కెరటములమీద రబ్బరు పడవలో బోసుగారును హసనును దానిలోనికి మాఱిరి. ఐ-29 నుండి రెండు టన్నుల బంగారము యు-180లోనికి పోయెను. రెండు దేశముల జలాంతర్గాముల నడుమ సైనికులు కాని ప్రయాణికులు ఇట్లు మాఱుట ఆ యుద్ధమున మఱియొకటి లేదందురు. మే నెలలో వారు సుమత్రా కొననున్న సబాంగు చేరిరి.

కోర్బిస్ మాట నేను చెప్పగా దాతగారు కొంతసేపు మౌనముగా నుండిరి. బంగారు గీతల ప్రసక్తి పిమ్మట రాలేదు. దేవుని పల్లకికి చేయు అలంకారము యుద్ధనౌకకు తగదు. ఆ నౌకను పంపిన ప్రభుత్వమెట్టిదో లోకమెఱుగును. పిల్లలకు చరిత్ర చూపదలచితిమేని ఉన్న వన్నెలోనే చూపవలెను.

ఉన్న వన్నె యేది? ప్రత్యక్షము మనకు లేదు. యు-180 ఐరోపాకు తిరిగిపోయి, పిదప సరకులు మోయు నౌకగా మార్చబడి, 1944 ఆగస్టులో బిస్కే అఖాతమున మునిగినది. అందలి 56 మందిలో ఒక్కడును మిగులలేదు. సముద్రగర్భముననున్న దానిని చూచి రంగు నిర్ణయించుట మన తరము కాదు.

అదే జాతి నౌకలు మఱికొన్ని నేలమీద నున్నవి గదా యని మీరనవచ్చును. ఉన్నవి. యు-505 అను నౌకను 1944 జూన్ 4న అమెరికా నౌకాదళము పశ్చిమాఫ్రికా సముద్రమున సజీవముగా పట్టుకొన్నది. అది 1954 మొదలు చికాగో నగరపు వస్తుప్రదర్శనశాలలో నున్నది. అర్ధశతాబ్దము ఎండలో, మంచులో ఆరుబయట నిలిచి 2004లో కప్పు క్రిందికి చేరినది. యు-995 జర్మనీలో లాబో తీరమున 1972నుండి నిలిచియున్నది. నడుమ అది కౌరా అను పేర నార్వే నౌకాదళమున కొలువు చేసినది. ఇట్టివానికి ఎన్ని పర్యాయములు గోకి, ఎన్ని పర్యాయములు పూసియుందురు! వాని నేటి రంగు చూచి 1943 నాటి వన్నెను చెప్పుట, గుడికి నిన్న వేసిన సున్నము చూచి కట్టించిన రాజుగారి అభిరుచిని చెప్పుటవంటిది. కుర్సురా సంగతి సరేసరి. అది సోవియట్ రష్యాలో కట్టబడి, 1969లో మన నౌకాదళమున చేరి, 1971 యుద్ధమున పనిచేసి, 2001లో విరమించి, 2002లో ప్రదర్శనశాల యైనది. దేశము వేఱు, కాలము వేఱు. దాని నలుపు దానిది.

ఛాయాచిత్రములు చూడరాదా? యు-180 మీద బోసుగారు నిలిచియున్న చిత్రములు కలవు. ఐ-29 నావికులతో కలిసి కూర్చున్న చిత్రము సుప్రసిద్ధము. అవన్నియు నలుపు తెలుపు చిత్రములు. ఇచ్చట ఒక చిక్కున్నది. మీ యిండ్లలో తాతల నాటి ఛాయాచిత్రములున్నచో తీసి చూడుడు. ముత్తవ నుదుటి కుంకుమబొట్టు కాటుకబొట్టువలె నల్లగా కనబడును. ఆ కాలపు ఫిలుములలో ఒక తెగకు ఎఱుపు కనబడదు. ఎఱ్ఱనిదెల్ల నల్లనిదిగా, నీలవర్ణము తెల్లనిదిగా దానిమీద పడును. పిదప అన్ని వన్నెలను గ్రహించు ఫిలుము వచ్చినది. ఒక చిత్రము ఏ ఫిలుముతో తీయబడినదో తెలియనిదే, అందలి నలుపు నలుపో ఎఱుపో చెప్పరాదు. దీనికి తోడు తడి. పొడి గోడకును తడిసిన గోడకును ఎంత భేదమో వానకాలమున చూచుచునే యున్నాము. కెరటము కొట్టిన మేర జలాంతర్గామి ముదురుగాను, ఆరిన మేర లేతగాను కనబడును. తడి గీతను చూచి రంగు గీత యని భ్రమపడి, రెండు రంగులు వేసిరని వ్రాసిన వారున్నారు. 1936లో జర్మనీలోనే వర్ణచిత్రముల ఫిలుము వచ్చినది నిజమే. కాని ఆ వర్ణములు ఏండ్లు గడచినకొలది వెలిసి మాఱిపోవును. వెలిసిన చీర చూచి క్రొత్తనాటి రంగు చెప్పగల నేతకాడు ఎక్కడనో ఒకడుండును, నావంటివాడు చెప్పలేడు.

ఇక మిగిలినది శబ్దప్రమాణము, అనగా ఆప్తవాక్యము. జర్మనులకు అన్నింటికిని పట్టికలు వ్రాసికొను అలవాటు కలదు. రంగులకు గూడ వ్రాసిరి. 1925లో సరకుల నాణ్యతకు నియమములు చేయుటకొక సంఘమేర్పడి, 1927లో నలువది రంగులకు సంఖ్యలు నిర్ణయించినది. రాల్ అను పేర ఆ పట్టిక నేటికిని పెరిగి పెరిగి వాడుకలో నున్నది. దీనివలన ఒక ఊరి రంగులవాడు చేసినదియు, మఱియొక ఊరి రంగులవాడు చేసినదియు ఒకే తీరున నుండవలెనని ఉద్దేశము. నౌకాదళమువారు తమ రంగులకు వేఱుగా అంకెలు పెట్టుకొనిరి. వానిలో 50వది హెల్‌గ్రౌ, అనగా లేత బూడిదవన్నె. 51వది డుంకెల్‌గ్రౌ, అనగా ముదురు బూడిదవన్నె. నేటి రాల్ పట్టికలో వీనికి సరిపోవునవి 7001, 7000 అని ఈ విషయమున కృషి చేసినవారు నిర్ణయించిరి. జర్మనీలో ఉద్యోగము చేయు నా పూర్వశిష్యుడొకడు ఆ రంగుల విసనకఱ్ఱ నొకదానిని పంపెను. తాటాకుల గ్రంథమువలె ఒక చివర కుట్టిన కాగితపు రేకులు, రేకునకొక రంగు.

అందలి పేర్లు చదివినప్పుడు నాకు కలిగిన సంతోషము పండితులకే తెలియును. 7001 పేరు వెండిబూడిద. 7000 పేరు ఉడుతబూడిద! సైబీరియా యడవులలోని ఉడుత చలికాలమున తొడుగు బొచ్చు వన్నెయట. మనకు ధూసరమను మాట యున్నది. అమరసింహుడు దానికి కొంచెము పాలిపోయిన వన్నె యని యర్థము చెప్పి ఊరకుండెను. ఆ కొంచెము ఎంత? కవికి ఆ ప్రశ్న అక్కఱలేదు. గోధూళియు ధూసరమే, పావురమును ధూసరమే, బూడిద పూసికొన్న జంగమయ్యయు ధూసరుడే. రంగులవానికి మాత్రము అది చాలదు. మన వాడుకలోనున్న పావురాయి రంగు, సిమెంటు రంగు, ఏనుగు రంగు అను మాటలు ఉడుతబూడిదవంటివే. వానికి అంకెలు లేకపోవుట ఒక్కటియే కొఱత.

అయితే ఆజ్ఞాపత్రమున నున్నదెల్ల రేవులో జరుగునా యని శంక కలుగవచ్చును. దానికి యుక్తి తోడు కావలెను. యుద్ధనౌకకు బూడిదవన్నె యేల? నలుపు చీకటిలో కలిసిపోవును గదా యని మొదట అందఱికిని తోచును. సముద్రముమీద సంగతి వేఱు. ఆ కాలపు జలాంతర్గామి పేరునకే జలాంతర్గామి. నీటిక్రింద దాని గమనము మందము, బ్యాటరీలు త్వరగా తఱిగిపోవును. కాబట్టి ఎక్కువ కాలము, ముఖ్యముగా రాత్రులందు, నీటిపైననే పోవుచుండెడిది. దూరముగా నున్న శత్రునౌకనుండి చూచువానికి దాని వెనుక కనబడునది నీరు కాదు, దిగంతమునందలి ఆకాశము. చంద్రుడు లేని రాత్రియందు గూడ ఆకాశము సముద్రముకన్న తెల్లనిది. ఆ తెలుపుమీద నల్లని వస్తువు గోడమీది నీడవలె తేటగా తెలియును. లేత బూడిద అందులో కరగిపోవును. మబ్బులు, పొగమంచు మెండుగానుండు ఉత్తర అట్లాంటికునకు ఇది మఱింత తగినది.

ఈ సత్యమును ఆ యుద్ధమున పలువురు వేఱువేఱుగా కనుగొనిరి. దక్షిణధ్రువ యాత్రలో మరణించిన స్కాటు కుమారుడు పీటర్ స్కాట్, పక్షుల చిత్రకారుడు, బ్రిటిషు నౌకాదళమున నున్నప్పుడు నౌకలకు తెలుపు, లేత నీలము, లేత పచ్చ వంటి వన్నెలు పూయుమని సూచింపగా, అట్లాంటికున రక్షకనౌకలు అనేకము అట్లు మాఱెను. నీటి పక్షులను వేటాడి తెలిసికొన్న రహస్యము మనుష్యుల వేటలో పనికి వచ్చినదన్నమాట! అమెరికావారు పసిఫిక్కున తమ జలాంతర్గాములను మొదట నిలువెల్ల నలుపు చేసిరి. తేటనీటిలో మునిగియున్నప్పుడు విమానములనుండి కనబడకుండుటకు అది యుపాయము. 1944 నాటికి, రాత్రి నీటిపై ఆ నలుపే పట్టి యిచ్చుచున్నదని తెలిసి, ప్రక్కలకు బూడిదవన్నెలు పూసి, పైనుండి చూచు కంటికి నల్లగా నుండునట్లు పైతలమును మాత్రము ముదురుగా నుంచిరి. మధ్యధరా సముద్రమున బ్రిటిషు జలాంతర్గాములు ముదురు నీలము పూసికొన్నవి. అచ్చటి నీరు అట్టిది. చూచితిరా, మా దాతగారి నీలిరంగు పూర్తిగా నిరాధారము కాదు. సముద్రము మాత్రమే తప్పినది.

అడుగుభాగము మాట చెప్పలేదు. ఎన్నాళ్లో నీటిలోనుండు ఇనుమునకు రెండు బాధలు: త్రుప్పు, నత్తలవంటి ప్రాణులు పట్టుట. అవి పట్టిన నౌకకు వేగము తగ్గును, చమురు ఎక్కువ కాలును. అందుచే త్రుప్పును ఆపు పూత యొకటి, దానిపై ఆ ప్రాణులకు విషమైన పూత యొకటి వేయుదురు. ఆ విషము తఱుచు రాగి భస్మము; పెక్కు వర్తకనౌకల అడుగులు ఎఱ్ఱగా నుండుటకు రాగి, ఇనుముల భస్మములే కారణము. పిల్లల పటము అందువలననే ఎఱ్ఱబడినది. జర్మను జలాంతర్గాములకు యుద్ధకాలమున వాడిన అడుగు పూత ముదురు బూడిదవన్నె గలది. మునిగినప్పుడు పైనుండి చూచు విమానమునకు ఎఱ్ఱని కడుపు చూపుట ఎవరికి క్షేమము?

కాబట్టి నేను చెప్పిన తీర్పు ఇది: నీటి గీతకు పైన ప్రక్కలును బురుజును వెండిబూడిద, క్రింద ముదురు బూడిద, పైతట్టున నున్న చెక్క పలకలకు కీలుపూతవలన వచ్చిన నలుపు గోధుమ కలిసిన వన్నె. ఆ పలకల నడుమ సందులుండును. నౌక మునుగునప్పుడు నీరు వేగముగా లోనికి దిగుటకు, తేలునప్పుడు కారిపోవుటకు. మా బడిపిల్లలలో ఒక బాలిక ఆ సందులను సూదితో గీసినది.

రంగు కలుపునప్పుడు గోడలపై అక్షరములు వ్రాయు చిత్రకారుడొకడు తోడ్పడెను. తెలుపులో దీపపు మసి కలిపినచో బూడిదవన్నె వచ్చునని అందఱకును తెలిసినదే; అది కొంచెము నీలము వైపు మొగ్గునని ఆయన చూపెను. వెండిబూడిదకు ఆ మొగ్గు కావలసినదే. కాని రేకులోని వన్నెను రేకులో నున్నట్లే పూయగా, రెండడుగుల బొమ్మ సీసపు ముద్దవలె బరువుగా కనబడెను. దీనికి గూడ లెక్క కలదు. మూడడుగుల దూరమునుండి ఈ బొమ్మను చూచుట, అసలు నౌకను 432 అడుగుల దూరమునుండి చూచుటతో సమానము. అంత గాలి నడుమనున్నప్పుడు ఏ వన్నెయైనను పలుచబడును. దూరపు కొండలు నునుపు మాత్రమే కాదు, తెలుపు గూడ. కాబట్టి కొంచెము తెలుపు చేర్చితిమి. కంటికి నమ్మకము కలిగినది.

అప్పుడు పిల్లలే మఱియొక ప్రశ్న వేసిరి. కీల్ రేవున బయలుదేరిన నాటి నౌకనా, బోసుగారు దిగిన నాటి నౌకనా మనము చూపునది? మంచి ప్రశ్న. రెంటికిని నడుమ 78 దినములు. ఉప్పునీరు, ఎండ, త్రుప్పు ఊరకుండవు. తిరిగివచ్చిన జలాంతర్గాముల చిత్రములలో నీరు కారు రంధ్రముల క్రింద త్రుప్పు చారలు స్పష్టముగా తెలియును. దిగిన నాటి నౌకనే చూపుదమని పిల్లలు తీర్మానించిరి. ఇటుకపొడి నూనెతో నూఱి, సన్నని కుంచెతో చారలు దిద్దిరి. దాతగారు మొదట అయ్యో యనిరి గాని, తరువాత కుంచె తామే పుచ్చుకొని రెండు చారలు దిద్దిరి.

రంగుల మాట వచ్చినది కనుక హసన్ మాట ఇంకొకటి చెప్పెదను. ఆజాద్ హింద్ దళమున జెండాకు ఏ వన్నె యుండవలెనని వివాదము వచ్చి, కాషాయము కావలెనన్న వారు తమంతట తాము ఆ పట్టు విడువగా, ఆయన మనసు కరగి, తన పేరునకు సఫ్రానీ యని చేర్చుకొనెనని చెప్పుదురు. సఫ్రానీ యనగా కాషాయపు వన్నెవాడు. స్వతంత్ర భారతమున రాయబారిగా పనిచేసి, 1984లో ఆయన హైదరాబాదుననే కన్నుమూసెను. బొమ్మమీద అంగుళములో సగమైన లేని రెండు మనుష్యాకృతులు నిలిపితిమి. ఒకటి ఎవరిదో సభలో నడుగగా అందఱును చేతులెత్తిరి. రెండవది ఎవరిదో చెప్పగలవారు ఇప్పుడు మా బడిలో నలువదిమంది పిల్లలున్నారు.

బొమ్మ క్రింద ఒక చీటి వ్రాయించితిని. నౌక పొడవు, యాత్ర తేదీలు దృఢమైన ఆధారములవలన. వన్నె మాత్రము ఆ కాలపు నియమములనుబట్టి అనుమానము – అని దాని తాత్పర్యము. ఉత్సవము నాటి యుదయమున కార్యనిర్వాహకులలో ఒకరు వచ్చి, "మాస్టారూ, నేతాజీగారు ప్రయాణము చేసిన నౌక విషయమున అనుమానమేమిటండీ? ఆ మాట కొట్టివేయుడు" అనిరి. పొగను చూచి నిప్పున్నదని తెలిసికొనుట అనుమానమని, అది సందేహము కాదని, ప్రమాణములలో నొకటి యని, బడి వరండాలో నిలువబడి ఆయనకు పావుగంట చెప్పితిని. ఆయనకు పూర్తిగా నచ్చినదో లేదో గాని, చీటిని తీయించలేదు.